బుర్ర కనపడాలి

పర్చూరులో పొలం మోటార్లకు వైండింగు చేసే కొట్లు నాలుగైదు ఉన్నాయి. అయినా చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకుని తిన్నగా కోటేష్ కొట్టుకే వస్తారు. మాడిన తీగ పెరికేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఎండలో ఆరబెట్టి ఇచ్చాడంటే ఆ మోటారు మళ్లీ అతని గుమ్మం ఎక్కడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఇంత పనిమంతుడైనా ఊళ్లో అతన్ని మోటార్ల కోటేష్ అని ఎవరూ అనరు. పరుగు కోటేష్ అంటారు.

ఆ పేరు పలక పట్టిన నాటి నుంచీ ఉంది. తండ్రి పేరయ్య పొగాకు బ్యారన్‌లో మంట చూసే పనిలో ఉండేవాడు. లోపల ఆకు పండుతున్నన్నాళ్లూ పొయ్యి దగ్గర నుంచి మనిషి కదలకూడదు. వేడి కాస్త ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పచ్చిగా ఉండిపోతుంది. అందుకని అన్నం క్యారేజీ ఇంటి నుంచి కోటేషే మోసుకెళ్లేవాడు. కాలువ కట్ట మీద పరుగే పరుగు. ఆలస్యమైతే నాన్నకు ఆకలి, తొందరపడితే చారు ఒలుకుతుంది. చారు ఒలక్కుండా పరుగెత్తడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. నడుము పైన ఒళ్లు కదలకుండా కాళ్లు మాత్రమే ఆడాలని ఆ క్యారేజీయే నేర్పింది. కట్టకు ఒక పక్క కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు, ఇంకో పక్క బ్యారన్ల నుంచి వచ్చే తీయటి పొగాకు వాసన. రెండూ కలిసిన ఆ గాలి పీలుస్తూ పరుగెత్తినవాడికి తర్వాత ఎన్ని ఊళ్లలో ఎన్ని రోడ్ల మీద పరుగెత్తినా ఏదో ఒకటి తక్కువగానే అనిపించింది.

పెద్దయ్యాక కూడా పరుగు మానలేదు. పొద్దున్నే లేచి చీరాల రోడ్డు పట్టేవాడు. విజయవాడలో, విశాఖలో, హైదరాబాదులో పెద్ద పరుగులు ఎక్కడ పెట్టినా వెళ్లి వచ్చేవాడు. వాళ్లిచ్చిన మెడల్సు కొట్టులో వార్నిష్ డబ్బాల పైన మేకులకు వేలాడుతుంటాయి. రైతులు వాటిని చూసి, "మా మోటారు కూడా నీలాగ ఆగకుండా తిరగాలయ్యా" అంటారు.

అలాంటి మనిషికి మొన్న వర్షాకాలంలో ఎడమ మోకాలు మొరాయించింది. మొదట మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంది. తర్వాత కూర్చుని లేచేటప్పుడు. గుంటూరులో డాక్టరు ఫొటో తీయించి, లైటు ముందు పెట్టి చూపించాడు.

"గుజ్జు కొంత అరిగింది. ఇప్పుడే జాగ్రత్తపడితే ఇబ్బంది లేదు. వారంలో రెండు రోజులు నెమ్మదిగా పరుగెత్తుకోండి. మిగతా రోజులు సైకిలు తొక్కండి, ఈత కొట్టండి. రోజూ పరుగంటే మాత్రం రెండేళ్లలో నడక కూడా కష్టమవుతుంది."

కోటేష్ తలూపి వచ్చేశాడు. మర్నాడు మామూలుగానే మెలకువ వచ్చింది. బూట్లు వేసుకుని, తాళ్లు బిగించి, గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు భార్య కోటిరత్నం కాఫీ గ్లాసు పక్కన పెట్టి అంది.

"పరుగెత్తకపోతే పోనీండి. బూట్లేసుకుని అట్టా గుమ్మంలో కూర్చుంటే పాలబ్బాయి భయపడుతున్నాడు. ఎవరికేమయిందని నన్నడుగుతున్నాడు."

లోపల నుంచి తల్లి సుబ్బరావమ్మ గొంతు వినిపించింది. "ఏటా ఒకే మడిలో పొగాకు పెడితే ఏమయిద్దిరా? చేను చచ్చిద్ది. పొగాకు తీసి మినుమెయ్యాలి, జొన్నెయ్యాలి. కాళ్లూ అంతే. పుట్టినకాణ్ణుంచీ ఒకటే పంట వేస్తివి."

ఆ మాట అతనికి డాక్టరు మాట కంటే బాగా ఎక్కింది.

మొహిద్దీన్ బాషా కొట్టు కోటేష్ కొట్టు పక్కనే. సైకిళ్లు బాగుచేస్తాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఆ సాయంత్రం బాషా ఫోను తెచ్చి కోటేష్ ముక్కు ముందు పెట్టాడు.

"ఇది చూడరా. ట్రయథ్లానంట. ముందు ఈదాలి, ఒడ్డుకొచ్చి సైకిలెక్కాలి, అది దిగి పరుగెత్తాలి. మూడూ ఒకదాని వెనక ఒకటి. మన గుంటూరోళ్లే పెడతన్నారు, ఎండలు ముదరకముందే, అమరావతి దాటినాక కృష్ణలో. నీకు పరుగు వచ్చు. సైకిలు నేను చూసుకుంటా. ఈత మీ నాన్న నేర్పనే నేర్పె. ఇంకేం కావాలి?"

కోటేష్ ఫోను వంక చాలాసేపు చూశాడు. అందులో అందరూ వంగిన హ్యాండిళ్ల మీద పడుకుని సైకిళ్లు తొక్కుతున్నారు. చివర్లో ఒకడు గీత దాటి పరుగెత్తుతున్నాడు. ఆ పరుగు చూడగానే అతని అరికాళ్లు జిలపెట్టాయి. మోకాలిని కాపాడుకుంటూ పరుగును పూర్తిగా వదలకుండా ఉండే దారి ఇదొక్కటే. ఇది కూడా చేతకాకపోతే ఇక గుమ్మమే గతి.

బాషా ఎవరి దగ్గరో పాత గేర్ల సైకిలు ఒకటి పట్టుకొచ్చి, దాన్ని విప్పి, బేరింగులు కడిగి, మళ్లీ బిగించాడు. కోటేష్ దాని మీద కూర్చోగానే నవ్వాడు.

"ఏందిరా ఆ కూర్చోడం? రెండు కాళ్లూ నేలకానేటట్టు సీటు దించుకుని, పాదం మధ్యలో పెట్టి తొక్కుతున్నావు. వెనకాల పాల క్యాన్లున్నయ్యా ఏంది?"

"చిన్నప్పుడు అడ్డ తొక్కుడు తొక్కినోళ్లకు ఇదే గొప్ప."

నిజమే. ఇద్దరూ సైకిలు నేర్చుకున్నది ఫ్రేము సందులోంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వాల్చి. సీటు ఎక్కడమనేది అప్పట్లో మీసం రావడం లాంటిది. ఇప్పుడు బాషా సీటు పెంచి, కాలివేళ్ల మొదలు పెడలు మీద పెట్టించి, మోకాలు ఎంత వంగుతోందో పక్కన నేల మీద కూర్చుని చూశాడు. చూసి మళ్లీ ఒక గోరంత పైకి జరిపాడు. ఆ గోరంత తేడాకే మోకాలి నొప్పి సగం పోయింది. పరుగులో ఇన్నేళ్లు ఒంటరిగా తిరిగిన కోటేష్‌కు, తన ఒంటిని ఇంకొకడు మోటారు చూసినట్టు చూడటం కొత్తగా అనిపించింది, హాయిగానూ ఉంది.

సైకిలు దిగి పరుగెత్తడం ఇంకో విద్య. మొదటిసారి దిగినప్పుడు కాళ్లు తనవి కావనిపించాయి. తొడలకు ఎవరో ఇసుక బస్తాలు కట్టినట్టుంది. పరుగంటే ఇంత మాత్రమా అనుకున్నవాడు నాలుగు అడుగులకే నిలబడిపోయాడు. రోజులు గడిచే కొద్దీ తెలిసింది. మొదటి కాసేపు కాళ్లను తొందరపెట్టకూడదు, చిన్న అడుగులు వేయాలి, క్యారేజీ పట్టుకున్నట్టు పరుగెత్తాలి. అలా పరుగెత్తితే కాళ్లు తమంతట తామే తిరిగొస్తాయి.

తంటా అంతా ఈతలో వచ్చింది.

చీరాలలో పిల్లలకు ఈత నేర్పే కొలను ఒకటుంది. అక్కడ నేర్పే అమ్మాయి పేరు రాగసుధ. కోటేష్ ఆ చివర నుంచి ఈ చివరికి ఈది వచ్చి గట్టు పట్టుకుంటే, మెచ్చుకుంటుందనుకున్నాడు.

"సార్, మీకు నీళ్ల భయం లేదండి. చేతుల్లో బలం ఉంది. కానీ తల మొత్తం పైకెత్తి ఈదుతున్నారు. తల లేస్తే నడుము మునుగుతుంది. నడుము మునిగితే కాళ్లతో తన్నాలి. కాళ్లలో ఉన్నదంతా నీళ్లలోనే పోతే సైకిలేం తొక్కుతారు, పరుగేం పెడతారు? తల దించండి. మొహం నీళ్లలో పెట్టి, ఊపిరి కావాల్సినప్పుడు పక్కకు తిప్పండి."

చెప్పిన మాట సబబే. కోటేష్ ఈత కళ్లద్దాలు పెట్టుకుని మొహం దించాడు. చెవులు తడవగానే మెడ దానంతటదే పైకి లేచింది. మళ్లీ దించాడు. మళ్లీ లేచింది. పక్క వరసలో చిన్న పిల్లలు చేపల్లా తలలు ముంచి పోతున్నారు. వాళ్లలో ఒక పాప ఆగి, "అంకుల్, బుడగలు వదలాలి" అని సలహా కూడా చెప్పింది.

చాలా రోజులు అలాగే గడిచాయి. రాగసుధ విసుక్కోలేదు. ఒకరోజు మెల్లగా అడిగింది. "చిన్నప్పుడు నీళ్లలో ఏమైనా జరిగిందాండి?"

"ఏం లేదమ్మా" అన్నాడు కోటేష్. అని, బట్టలు మార్చుకుని, ఇంటికి సైకిలు తొక్కుతూ కారంచేడు దాటాక కాలువ వంతెన మీద ఆగిపోయాడు. కింద నీళ్లు నిండుగా పోతున్నాయి. అవతల పత్తి చేలో ఆడవాళ్లు వంగి తీత తీస్తున్నారు. ఒకామె నడుము పట్టుకుని లేచి, కాలువ వైపు ఊరికే చూసి, మళ్లీ వంగింది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎన్నడూ మరిచిపోయింది లేదు. మెడ అంతకాలం దాన్ని మోస్తూనే ఉంది.

అప్పుడతనికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. పేరయ్య ఒక ఎండిన సొరకాయ బుర్రకు తాడు కట్టి, దాన్ని కొడుకు వీపుకు బిగించి, కాలువ రేవులో ఈత నేర్పాడు. "నీళ్లతో కొట్లాడబాకు. నీళ్ల మీద పడుకో. బుర్ర చూసుకుంటది" అనేవాడు. నాలుగు రోజుల్లో కోటేష్ బుర్ర లేకుండానే ఈదాడు. అది పత్తి తీతల కాలం. సుబ్బరావమ్మ కాలువ పక్క చేలో పత్తి తీస్తూ, సాలు చివరికి వచ్చినప్పుడల్లా తలెత్తి కొడుకు తల ఎక్కడుందో చూసుకునేది. నల్లటి తల నీళ్ల మీద కనిపిస్తే మళ్లీ వంగేది.

ఒకనాడు కోటేషూ బాషా పందెం వేసుకున్నారు, నీళ్లలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటారోనని. కోటేష్ రేవు మెట్టు రాయి పట్టుకుని అడుగున కూర్చున్నాడు. బాషా ముందే లేచి చెట్టు చాటుకు పోయాడు. సుబ్బరావమ్మ సాలు చివరికి వచ్చి తలెత్తింది. కాలువలో తల లేదు.

కోటేష్ ఊపిరి బిగబట్టలేక పైకి లేచేసరికి, అమ్మ గుండెల్లోతు నీళ్లలో ఉంది. ఆమెకు ఈత రాదు. ఒడి నిండా కట్టిన పత్తి నీళ్లు తాగి ఆమెను కిందికి లాగుతోంది. ఒడి ముడి విడిపోయింది. పొద్దుటి నుంచి తీసిన పత్తంతా కాలువ మీద తెల్లగా పరుచుకుని మెల్లగా కొట్టుకుపోతోంది. కోటేష్ ఆమె వెనక లేచి, పందెం గెలిచానని నవ్వాడు.

కొట్టి ఉంటే మరిచిపోయేవాడు. ఆమె కొట్టలేదు. జుట్టు పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చి, అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"నీళ్లలో దిగితే నీ బుర్ర కనపడతా ఉండాలి. నా మీద ఒట్టెయ్."

"ఒట్టు" అన్నాడు కోటేష్.

సాయంత్రం పేరయ్య విని పెద్దగా నవ్వాడు. "ఈతగాడి చేత ఎవరన్నా అట్టాంటి ఒట్టు వేయిస్తారటే? ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే" అన్నాడు. పిల్లలు ఒట్టు తప్పించుకోవడానికి అనుకునే మాట అది. సుబ్బరావమ్మ నవ్వలేదు. "నా ఒట్టు నేను తీస్తే తియ్యాలి" అంది.

వంతెన మీది నుంచి కోటేష్ ఇంటికొచ్చేసరికి సుబ్బరావమ్మ వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కోటేష్ సైకిలు గోడకు ఆనించి ఎదురుగా కూర్చున్నాడు. రెండు కాయలు తను కూడా తీశాడు.

"అమ్మా. చిన్నప్పుడు కాలువ దగ్గర ఒట్టేయించావు, గుర్తుందా?"

"లేకేం. పత్తంతా పోయె."

"అది తీసెయ్యవే."

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు?"

చెప్పాడు. తల దించకపోతే నడుము ఎందుకు మునుగుతుందో, నడుము మునిగితే కాళ్లు ఎందుకు అలుస్తాయో, నేల మీద వేలితో గీసి చూపించాడు. ఆమె ఆ గీతలన్నీ శ్రద్ధగా చూసింది.

"నలభై అయిదేళ్లోడివి. నేను చూడకుండా తల ముంచితే నాకేం తెలిసిద్ది? నన్నెందుకు అడుగుతున్నావు?"

"నీ మీద ఒట్టు గదా."

సుబ్బరావమ్మ తొడిమ తుంచి పక్కన వేసింది. "నాకు ఈత రాదురా. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. నాకు తెలిసిందల్లా ఒకటే. నీళ్ల మీద తల కనపడితే ఉన్నట్టు, కనపడకపోతే లేనట్టు. ఆ ఒక్కటీ తియ్యమంటే ఎట్టా? నేను పోయినాక నీ ఇష్టం వచ్చినట్టు ముంచుకో."

అంతటితో కోటేష్ లేచి లోపలికి పోయాడు. నాలుగు రోజులు కొలనుకు పోలేదు. మోటార్లు చుట్టాడు. ఎప్పుడూ లేనిది ఒక మోటారుకు చుట్లు తప్పి, మొత్తం విప్పి మళ్లీ చుట్టాడు. అయిదో రోజు పొద్దున బాషా ఇంటికే వచ్చాడు. వసారాలో మంచం మీద కూర్చుని, జరిగిందంతా విని, పైకి చూశాడు. దూలానికి ఉట్టితాడుతో ఒక పాత సొరకాయ బుర్ర వేలాడుతోంది. అందులో సుబ్బరావమ్మ చిక్కుడు విత్తనాలు దాచుకుంటుంది.

"పిన్నమ్మా, నువ్వు ఆరోజు ఒట్టులో ఏమన్నావు? సరిగ్గా చెప్పు."

"ఏమంటాను. బుర్ర కనపడతా ఉండాలన్నా."

"తల అన్లేదుగా?"

"రెండూ ఒకటే గదరా."

"ఒకటెట్టయిద్ది? అదిగో బుర్ర!" బాషా వేలు పైకి చూపించాడు. "దాన్ని వీడి నడుముకు తాడేసి కడదాం. వీడు తల ముంచినా అది పైనే తేలతా ఉంటది. నీ ఒట్టు నీకుంటది, వీడి ఈత వీడికుంటది. బుర్ర కనపడాలి, అంతేగా?"

కోటిరత్నం వంటింట్లోంచి పకపకా నవ్వింది. కోటేష్ కూడా నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగాడు. సుబ్బరావమ్మ పైకి చూస్తోంది.

"వెధవా" అంది బాషాను. "నీ పందెం మూలానే పోయింది నా పత్తి." అని లేచి, స్టూలు వేయించి, బుర్రను దింపించింది. విత్తనాలు చేటలో ఒంపింది. ఖాళీ బుర్రను చెవి దగ్గర ఊపి చూసి, అరచేత్తో దాని పొట్ట తుడిచింది. "మీ నాన్న నీ వీపుకు కట్టింది ఇదే. ఈ గుంట చూడు, తాడు ఒరుసుకున్న చోటు."

ఇన్నేళ్లూ నెత్తి మీద వేలాడుతున్నా కోటేష్ ఎన్నడూ దాన్ని అలా చూడలేదు.

కొట్టుకు తీసుకెళ్లి, మూతికి బెండు బిగించి, మోటార్లకు వాడే వార్నిష్ మూడు పూతలు పట్టించి ఎండబెట్టాడు. చుక్క నీరు దూరదు. నడుముకు కట్టుకునే పటకా బాషా పాత ట్యూబుతో చేశాడు. మరునాటి నుంచి పొద్దున్నే ముగ్గురూ కాలువ దగ్గర. సుబ్బరావమ్మ గట్టు మీద గోతం పరుచుకుని కూర్చునేది. ఆడవాళ్లు పనికి పోతూ ఆగేవాళ్లు.

"ఏందత్తా, కొడుక్కి మళ్లీ ఈత నేర్పుతున్నావా?"

"వాడికొచ్చు. నేనే నేర్చుకుంటన్నా, చూడటం."

మొదటి రోజు కోటేష్ నీళ్లలోకి జారి, బుర్రను వెనక్కి వదిలి, మొహం దించాడు. మెడ లేవబోయింది. నడుము దగ్గర తాడు మెల్లగా లాగింది, నేనున్నానన్నట్టు. గట్టు మీది నుంచి కేక వచ్చింది. "కనపడతందిరా!" కోటేష్ తల దించే ఉంచాడు. చెవుల్లో నీళ్లు నిండి లోకం చప్పుడంతా ఆగిపోయింది. కింద ఆకుపచ్చగా వెలుగు, కదిలే నాచు, తన ఊపిరి బుడగలు. ఊపిరి కోసం మొహం పక్కకు తిప్పితే గట్టు, గోతం, అమ్మ చీర అంచు. మళ్లీ ఆకుపచ్చ. నడుము దానంతటదే తేలింది. నీళ్ల మీద పడుకోవడమంటే ఏమిటో, నాన్న చెప్పిన ఇన్నేళ్లకు, నాన్న లేని కాలువలో తెలిసింది. ఆయన ఉంటే ఏమనేవాడో కూడా తెలుసు. ఏమీ అనడు. బీడీ వెలిగించుకుని బ్యారన్‌కు పోయేవాడు.

నెలలోపే కోటేష్ కొలనులో కూడా తల దించి ఈదాడు. అయితే అక్కడా నడుముకు బుర్ర ఉండాల్సిందే. పిల్లలు వరసలో నిలబడి దాన్ని ముట్టుకునేవాళ్లు. రాగసుధ చూసి, "బాగుందండి. కానీ పోటీలో ఒప్పుకుంటారో లేదో అడగండి" అంది. ఆ మాట కోటేష్ చెవిన వేసుకోలేదు. అడిగితే కాదంటారేమోనని భయం.

పోటీ రోజు తెల్లవారేసరికి అందరూ కృష్ణ ఒడ్డున ఉన్నారు. నీళ్లలో దూరంగా గాలి నింపిన పసుపు గుమ్మటాలు తేలుతున్నాయి, వాటిని చుట్టి రావాలి. పడవల్లో ఈతగాళ్లు కాపలా ఉన్నారు. ఒడ్డున అందరికీ ఒకే రంగు టోపీ, నడుముకు కట్టుకోవడానికి ఒకే రకం నారింజ రంగు గాలిబుడగ. ఈత చూసుకునే కుర్రవాడు రఘురామ్, మెడలో విజిలు వేసుకుని, ఒక్కొక్కరినీ పరీక్షగా చూస్తూ వచ్చి కోటేష్ దగ్గర ఆగాడు.

"ఇదేంటండి?"

"బుర్రండి. సొరకాయ బుర్ర."

"సారీ అండి, ఇది కుదరదు. నలుగురి మధ్య దెబ్బ తగిలి పగిలితే ముక్కలు కోసుకుంటాయి. అదీకాక పడవలోవాళ్లు నారింజ రంగు చూసే మనిషి ఎక్కడున్నాడో గుర్తుపడతారు. మీకోసమేనండి."

"ఇది కూడా బుడగే అనుకోండి సార్" అని బాషా నచ్చచెప్పబోయాడు. కానీ ఆ కుర్రవాడు చెప్పింది న్యాయం. కోటేష్‌కు అర్థమయింది. పటకా విప్పి బుర్రను చేతిలో పట్టుకున్నాడు. నారింజ బుడగ ఇచ్చారు. దాన్ని కట్టుకోలేదు. వెనక్కి తిరిగి రేవు మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"ఏడకిరా?" అన్నాడు బాషా.

"మోకాలు కాస్త ఇదిగా ఉంది. ఈసారికి వద్దులే."

"మోకాలు ఈతలో ఏం చేసిద్దిరా, నీ మొహం!"

పై మెట్టు మీద సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. ఆమె కొడుకు చేతిలోని బుర్రనూ, రెండో చేతిలోని నారింజ బుడగనూ చూసింది. నీళ్ల దగ్గర నిలబడ్డ మనుషులను చూసింది. అన్నీ ఒకే రంగు తలలు, అన్నీ ఒకే రంగు బుడగలు. ఏది ఎవరిదో కన్నతల్లికి కూడా తెలియదు.

"వద్దన్నారా?"

"ఊఁ."

"అందుకని వచ్చేస్తన్నావా?"

సుబ్బరావమ్మ అతని కాళ్ల వైపు చూసింది. చారు ఒలక్కుండా బ్యారన్‌కు పరుగెత్తిన కాళ్లు, బూట్లేసుకుని గుమ్మంలో కూర్చున్న కాళ్లు. కింద రఘురామ్ విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె బుర్రను అతని చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. తన నెత్తిన ఉన్నదాన్ని దేన్నో రెండు చేతులతో పైకెత్తినట్టు ఎత్తి, జాగ్రత్తగా మెట్టు రాయి మీద దించింది. ఎగిరిపోకుండా దాని మీద బుర్రను బరువు పెట్టినట్టు పెట్టింది.

"తీసి గట్టు మీద పెట్టా. పో."

"అమ్మా..."

"పోరా, ఊదుతున్నాడు! ఇక్కడే ఉంటది. వచ్చినాక మళ్లీ ఎయ్యాలి."

కోటేష్ పరుగున మెట్లు దిగాడు. బుడగ బాషా కట్టాడు. విజిలు మోగింది. ఒక్కసారిగా చేతులు, మోచేతులు, కాళ్లు. ఎవరిదో మడమ భుజానికి తగిలింది. మెడ పాత అలవాటున లేవబోయింది. దించాడు. కృష్ణ నీళ్లు కాలువ నీళ్ల కంటే చల్లగా, లోతుగా, నల్లగా ఉన్నాయి. అడుగు కనపడలేదు. ఊపిరికి మొహం తిప్పినప్పుడు ఒడ్డు కనిపించింది కానీ వెతకలేదు. వెతికితే తల లేస్తుంది. అక్కడ ఒక రాయి మీద తన మాట క్షేమంగా ఉందని తెలుసు, అది చాలు. పసుపు గుమ్మటం చుట్టి తిరిగాడు. చాలామంది దాటిపోయారు. పోనిచ్చాడు. కాళ్లను దాచుకోవాలి.

కాళ్లకు ఇసుక తగిలింది. లేచి నిలబడి, తడి కారుతూ మెట్లెక్కి సైకిళ్ల వైపు మళ్లాడు.

"ఏయ్, ఆగు!"

సుబ్బరావమ్మ దారికి అడ్డంగా కట్టిన తాళ్లకు ఇవతల నిలబడి ఉంది. చంకలో బుర్ర. బాషా అవతల నుంచి అరుస్తున్నాడు. "పిన్నమ్మా, టైము పోతంది! తర్వాత ఎయ్యొచ్చులే!"

"నువ్వుండరా." ఆమె కొడుకు వంక చూసింది. "తల దించు."

కోటేష్ వంగాడు. ఆమె అతని టోపీ ఊడదీసి, చెవుల్లో నీళ్లు చీర కొంగుతో ఒత్తింది, చిన్నప్పుడు ఒత్తినట్టే. తర్వాత అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. అరచేతిలోని కృష్ణ నీళ్లు ఆమె తెల్ల జుట్టులోంచి నుదుటి మీదికి జారాయి.

"కనపడాలి" అంది.

"ఒట్టు" అన్నాడు కోటేష్. అని సైకిలు వైపు పరుగెత్తాడు, చిన్న అడుగులతో, పై ఒళ్లు కదలకుండా.